2050లో ఇంట్లో ఎవరుంటారు?

రాబోయే రోజుల గురించి ఊహించమంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి యంత్రాలే. ఎగిరే ట్యాక్సీలు, ఇంటిపని చేసిపెట్టే రోబోలు, డ్రైవర్ లేని కార్లు. ఈ అలవాటు ఇప్పటిది కాదు. 1900 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో కొందరు చిత్రకారులు 2000 సంవత్సరం ఎలా ఉంటుందో ఊహించి బొమ్మలు గీశారు. రెక్కలు కట్టుకుని ఎగురుతూ మంటలార్పే ఫైర్‌మెన్ ఉన్నారు వాటిలో. పుస్తకాలను యంత్రంలో వేసి తిప్పితే, పాఠాలు తీగల గుండా నేరుగా పిల్లల చెవుల్లోకి వెళ్లే తరగతి గది ఉంది. ఇంకో బొమ్మలో కరెంటుతో నేల తుడిచే యంత్రం కనిపిస్తుంది. అలాంటివి తర్వాత నిజంగానే వచ్చాయి. అయితే ఆ బొమ్మలో యంత్రం పక్కన ఆ కాలపు దుస్తుల్లో పనిమనిషి నిలబడి ఉంటుంది. తుడిచే సాధనం మారుతుందని చిత్రకారుడు ఊహించగలిగాడు. ఆ ఇంట్లో పనిమనిషే ఉండకపోవచ్చని, ఇంటి ఆడవాళ్లు పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరతారని, పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారని మాత్రం ఊహించలేకపోయాడు.

భవిష్యత్తు గురించిన అంచనాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. యంత్రం మీదే చూపంతా నిలిపి, ఇంట్లో మనుషులను వదిలేస్తాయి. 2050 నాటి తెలుగు ఇంటిని ఊహించాలంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఆ ఇంట్లో ఎవరుంటారు? వాళ్ల వయసెంత? మే నెల మధ్యాహ్నం ఆ గదిలో వేడి ఎంత? రాత్రి కరెంటు పోతే ఏం జరుగుతుంది? వీటికి జవాబులు ఇప్పటికే చాలావరకు తెలుసు. ఏ టెక్నాలజీ ఇంట్లోకి వస్తుంది, ఏది షోరూంలోనే ఆగిపోతుంది అన్నది ఆ జవాబులను బట్టే ఉంటుంది.

వీడియో కాల్ సంగతే చూడండి. అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ మనిషి కనిపించే ఫోన్‌ను 1964లోనే న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జనానికి చూపించింది. 1970లో పిట్స్‌బర్గ్ నగరంలో సర్వీసు మొదలుపెట్టింది. నెలకు 160 డాలర్లు. చందాదారులు కొన్ని వందలు దాటలేదు, కొన్నేళ్లకే అది మూలపడింది. సాంకేతికంగా అందులో పెద్ద లోపం లేదు. పక్క వీధిలో ఉన్న మనిషిని ఫోన్‌లో చూడటానికి అంత డబ్బు పెట్టాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు, అంతే. అదే వీడియో కాల్ ఇవాళ గుంటూరు, కరీంనగర్ ఇళ్లలో రోజువారీ పని. డల్లాస్‌లో పుట్టిన మనవరాలిని, దుబాయ్‌లో పనిచేస్తున్న కొడుకును చూడాలన్న ఆరాటం ఉంది కాబట్టి, డేటా చవకైంది కాబట్టి అది ఇంట్లో మనిషిలా కలిసిపోయింది. అవసరం, ధర కలిసినచోటే ఏ యంత్రమైనా నిలబడుతుంది.

మన దగ్గరి అనుభవం కూడా ఇదే చెబుతుంది. 2020 నాటికి రాష్ట్రం ఎలా ఉండాలో చెబుతూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో విజన్ 2020 పత్రం విడుదల చేసింది. అప్పటికి సెల్‌ఫోన్‌కు కాల్ వస్తే ఎత్తినవాళ్లు కూడా డబ్బు కట్టాలి. వీధి చివర ఎస్టీడీ బూత్‌లో మీటర్ చూసుకుంటూ మాట్లాడే రోజులవి. 2020 వచ్చేసరికి ఆ బూత్‌లు లేవు, కూరగాయల బండి మీద క్యూఆర్ కోడ్ ఉంది. మధ్యలో జరిగినవి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వచ్చాయి. 2014లో మొదలైన జన్‌ధన్ ఖాతాలు, 2016లో వచ్చిన యూపీఐ, అదే ఏడాది సెప్టెంబరులో జియోతో పడిపోయిన డేటా ధర, నవంబరులో నోట్ల రద్దు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఆ మార్పు తెచ్చేది కాదు. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే దేశంలో యూపీఐ లావాదేవీలు 2 వేల కోట్లు దాటాయి.

ఇందులో దగ్గరగా చూడాల్సిన చిన్న వస్తువు ఒకటుంది. కొట్లో గల్లాపెట్టె పక్కన పెట్టే స్పీకర్ డబ్బా. డబ్బు పడగానే ఎంత వచ్చిందో తెలుగులో గట్టిగా చెబుతుంది. యూపీఐ వచ్చిన కొత్తలో చిరువ్యాపారులకు పెద్ద టెన్షన్ ఇదే. చేతులు తక్కెడ మీద ఉంటాయి, నలుగురు ఒకేసారి అడుగుతుంటారు, ఎవరో స్క్రీన్ చూపించి డబ్బు వేశానంటారు. ప్రతిసారీ చేతులు తుడుచుకుని ఫోన్ తీసి మెసేజ్ చూసుకోవడం కుదిరే పని కాదు. మాట్లాడే డబ్బా ఆ చిక్కు విప్పేసింది. దానికి చదువు అక్కర్లేదు, కళ్లజోడు అక్కర్లేదు, చేయి ఖాళీగా ఉండక్కర్లేదు. రాబోయే ఇరవై ముప్పై ఏళ్లలో మన ఇళ్లలో నిలిచే టెక్నాలజీ ఎక్కువగా ఈ డబ్బా తీరులోనే ఉంటుందని నమ్మడానికి గట్టి కారణాలున్నాయి.

మొదటి కారణం వయసు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సగటున ఒక మహిళకు పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదని ఉమ్మడి రాష్ట్రంలో 1994లో చట్టం తెచ్చారు. ముప్పై ఏళ్లు తిరిగాక, 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ నిబంధనను తీసేసింది. తెలంగాణ కూడా అదే బాట పట్టింది. చట్టం మారినంత మాత్రాన పిల్లల సంఖ్య పెరగదు. పెంపకం ఖర్చు, స్కూలు ఫీజులు, ఇరుకు ఫ్లాట్లు, ఇద్దరూ ఉద్యోగాలు చేయాల్సిన అవసరం, ఇవేవీ అసెంబ్లీ తీర్మానంతో పోయేవి కావు.

ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో దేశ జనాభాలో 60 ఏళ్లు దాటినవారు 10.5 శాతం. 2050కి 20.8 శాతం అవుతారు. దక్షిణాది రాష్ట్రాలు ఈ విషయంలో దేశ సగటు కంటే ముందున్నాయి. ఇది జోస్యం లాంటిది కాదు. 2050లో 60 ఏళ్లు నిండేవాళ్లు 1990లో పుట్టారు. ఇప్పుడు హైటెక్ సిటీలో, విశాఖలో, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, ఈఎంఐలు కడుతున్నారు. వాళ్లలో చాలామందికి ఒక్కరే సంతానం. ఆ ఒక్కరూ వేరే ఊళ్లోనో వేరే దేశంలోనో ఉంటే, ఇంట్లో మిగిలేది ఇద్దరు పెద్దవాళ్లు. కొన్నేళ్లకు ఒక్కరే, ఎక్కువ ఇళ్లలో ఆమె. ఆడవాళ్ల ఆయుర్దాయం ఎక్కువ, భర్తల కంటే వయసులో చిన్నవాళ్లు కూడా. కాబట్టి 2050 నాటి ఇంటి టెక్నాలజీ గురించి ఆలోచించేటప్పుడు కళ్లముందు ఉంచుకోవాల్సిన మనిషి ఒంటరిగా ఉండే డెబ్బై అయిదేళ్ల ఆడమనిషి. ఇప్పటి ప్రకటనల్లో కనిపించే కుర్ర జంట కాదు.

ఇలాంటి ఇళ్లకు రోబోలు వచ్చి సేవ చేస్తాయా? ఈ దారిలో అందరికంటే ముందు నడిచింది జపాన్. అక్కడ జనాభాలో దాదాపు 30 శాతం 65 ఏళ్లు దాటినవాళ్లే. మంచం మీది రోగిని రెండు చేతులతో ఎత్తి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టే రోబేర్ అనే యంత్రాన్ని రైకెన్ పరిశోధన సంస్థ 2015లో చూపించింది. ఎలుగుబంటి ముఖంతో ముచ్చటగా ఉండేది. ప్రపంచమంతా ఫొటోలు వేసింది. కానీ అది ప్రయోగశాల దాటి వృద్ధాశ్రమాల్లోకి రాలేదు. ఒక మనిషిని నొప్పి కలగకుండా ఎత్తడం, ఎక్కడ పట్టుకోవాలో తెలియడం, భయపడితే ఆగడం, పడిపోతుంటే పట్టుకోవడం యంత్రానికి చాలా కష్టమైన పనులు. చివరికి జపాన్ ఏం చేసింది? 2019లో కొత్త వీసా పద్ధతి పెట్టి, పెద్దవాళ్లను చూసుకునేవాళ్లను విదేశాల నుంచి ఇంకా ఎక్కువమందిని రప్పించుకునేందుకు దారి తెరిచింది. అంత డబ్బు, అంత ఇంజినీరింగ్ ఉన్న దేశమే మనుషుల చేతుల కోసం వెతుక్కుంది.

మన దగ్గర ఈ పని ఇప్పటికే కేర్‌టేకర్ల పేరుతో నడుస్తోంది. హైదరాబాద్, విజయవాడల్లో ఏజెన్సీలు నెల జీతానికి మనిషిని పంపుతాయి. ఎక్కువమంది ఆడవాళ్లే, పల్లెల నుంచి వచ్చినవాళ్లే. శిక్షణ అంతంతమాత్రం, సెలవు దొరకడం గగనం. పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇరవై నాలుగు గంటలు అదే ఇంట్లో ఉండాలి. 2050కి ఈ ఉద్యోగానికి ఉండే గిరాకీ ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఉన్నదాని కంటే తక్కువేమీ కాదు. ఏఐ వల్ల పోయే ఉద్యోగాల గురించి జరుగుతున్న చర్చలో పదో వంతు కూడా ఈ ఉద్యోగం గురించి జరగడం లేదు. ఇది చాలా బాధపడాల్సిన సంగతి. ఈ పనికి శిక్షణ, జీతం, సెలవు, గౌరవం ఎలా ఇవ్వాలన్నది ఇప్పుడు తేల్చుకోకపోతే రేపటి పెద్దవాళ్లూ, వాళ్లను చూసుకునేవాళ్లూ ఇద్దరూ నలిగిపోతారు. కేర్‌టేకర్‌గా వచ్చిన ఆమెకూ ఊళ్లో అమ్మానాన్నలుంటారు, వాళ్లనెవరు చూస్తారన్న ప్రశ్న ఇంకా ఎవరూ ఎత్తుకోలేదు.

యంత్రం పాత్ర ఆ మనిషి పక్కన ఉంటుంది. నేలమీద పడితే గుర్తించే వాచీలు 2018 నుంచే మార్కెట్లో ఉన్నాయి. మందుల వేళ గుర్తుచేసేవి, బీపీ, షుగర్ చూసి వివరాలు డాక్టర్‌కు పంపేవి ఇంకా చవకవుతాయి. అయితే మనిషి పడిపోయిన సంగతి వాచీ చెప్పగలదు, లేపి కూర్చోబెట్టలేదు. అది ఎవరికి చెబుతుంది, వాళ్లు ఎంతసేపట్లో వస్తారు అన్నదాన్ని బట్టే దాని విలువ.

ఈ సూత్రం తెలుగు నేల మీద ఒకసారి అద్భుతంగా పనిచేసింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సర్వీసు మొదలైంది. అందులో కొత్తగా కనిపెట్టిన యంత్రం ఒక్కటీ లేదు. ఫోన్ ఉన్నదే, వ్యాన్ ఉన్నదే, ఆక్సిజన్ సిలిండర్ ఉన్నదే. గుర్తుపెట్టుకోవడానికి సులువైన నంబరు, ఎప్పుడు చేసినా ఎత్తే కాల్ సెంటర్, శిక్షణ పొందిన టెక్నీషియన్, బండి ఎక్కడుందో తెలిసే ఏర్పాటు. వీటిని ఒక తాటి మీదికి తెచ్చారు. పురిటినొప్పులొచ్చిన గర్భిణి గురించి, రోడ్డు ప్రమాదం గురించి పల్లె జనం ఆలోచించే తీరే మారిపోయింది. పెద్దవాళ్ల కోసం ఇప్పుడు 14567 హెల్ప్‌లైన్ ఉంది, కానీ ఆ నంబరు ఎంతమందికి నోటికొచ్చు? 108 అత్యవసరానికి చేసింది రోజువారీ అవసరానికి చేసే ఏర్పాటు ఇంకా రావాల్సి ఉంది. బాత్రూంలో జారిన మనిషిని పావుగంటలో వచ్చి లేపేవాళ్లు, వారానికోసారి తలుపు తట్టేవాళ్లు, ఫ్యాన్ ఆగితే బాగుచేయించేవాళ్లు కావాలి. రాబోయే దశాబ్దాల్లో తెలుగు ఇళ్లను అన్నిటికంటే ఎక్కువగా మార్చగలిగేది ఇలాంటి ఏర్పాటే.

ఇక పెద్దవాళ్లకూ డిజిటల్ సేవలకూ మధ్య ఇప్పుడున్న పేచీ చూస్తే, రేపటికి ఏం సరిచేయాలో తెలుస్తుంది. రేషన్ షాపు దగ్గర ఏ నెల చూసినా వినిపించే మాట 'వేలిముద్ర పడటం లేదు'. జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసి, రాళ్లు మోసి, అంట్లు తోమిన చేతుల మీద గీతలు అరిగిపోతాయి. వయసుతో చర్మం పొడిబారి మిగిలినవి కూడా స్పష్టంగా ఉండవు. వేలు తుడిచి ఒకసారి, తడిచేసి ఒకసారి, ఇంకో వేలు పెట్టి ఒకసారి ప్రయత్నిస్తారు. వెనక క్యూ పెరుగుతుంటుంది. చివరికి కంటిపాప స్కాన్‌తోనో, ముఖం ఫొటోతోనో, లేదా డీలర్ దయతోనో పని అవుతుంది. ఒక్కోసారి రేపు రమ్మంటారు. ఎక్కువగా అరిగిన చేతులే ప్రభుత్వ సాయం ఎక్కువ అవసరమైన చేతులు. ఆ చేతులనే యంత్రం గుర్తించకపోవడం చిన్న లోపం కాదు. పెద్దవాళ్లను మినహాయింపుగా చూసి కట్టిన వ్యవస్థ ఇది. అయిదుగురిలో ఒకరు 60 దాటినవారయ్యే రోజున వాళ్లు మినహాయింపు కారు, మామూలు కస్టమర్లే వాళ్లు. ఓటీపీ గడువు నుంచి బటన్ సైజు దాకా వాళ్ల కోసమే మొదట ఆలోచించి, మిగతావాళ్ల సంగతి తర్వాత చూడాలి.

మాట దగ్గర మాత్రం ఆశపడటానికి నిజంగా కారణం ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. సర్టిఫికెట్లు, బిల్లులు, ఫిర్యాదులు ఒక్క నంబరు మీద. 2001లో ఈ-సేవ కేంద్రం ముందు క్యూలో నిలబడటం గొప్ప సౌకర్యం అనిపించిన తరానికి ఇది పెద్ద ముందడుగే. తర్వాతి మెట్టు టైప్ చేయకుండా మాట్లాడి పని చేయించుకోవడం. కేంద్రం నడుపుతున్న భాషిణి కార్యక్రమం, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ పరిశోధన బృందం, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఇలాంటి పనిలోనే ఉన్నాయి. 2011 లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 67 శాతం. అంటే చదవడం రానివాళ్లు, వచ్చినా ఫోన్ మీద సన్న అక్షరాలు చదవలేనివాళ్లు కోట్లలో ఉన్నారు. మాట అర్థం చేసుకునే యంత్రం వాళ్లకు మొదటిసారి తలుపు తెరుస్తుంది. పాసుపుస్తకంలో తప్పు ఎలా సరిచేయించుకోవాలి, ఈ మాత్ర తిండికి ముందా తర్వాతా అని ఎవరినీ బతిమాలకుండా అడగొచ్చు.

కానీ ఏ తెలుగు? న్యూస్ చదివే తెలుగు నేర్చిన యంత్రానికి శ్రీకాకుళం మాట, చిత్తూరు మాట, ఆదిలాబాద్ మాట అందవు. పళ్లు ఊడిన నోటితో, ఆయాసంతో, మధ్యలో ఆగి ఆగి మాట్లాడే మాట అసలే అందదు. ఆ గొంతులను రికార్డు చేసి యంత్రానికి నేర్పాలి. ఇప్పుడు ఎనభైల్లో ఉన్నవాళ్లు పోతే వాళ్ల మాట తీరు కూడా వాళ్లతోనే పోతుంది, కాబట్టి ఈ పని ఆలస్యం చేసేది కాదు. ఇంకో వైపు, మాటను అర్థం చేసుకునే టెక్నాలజీయే మాటను దొంగిలిస్తుంది కూడా. డిజిటల్ అరెస్టు మోసాల్లో పోలీసు యూనిఫాం వేసుకున్న మనిషి వీడియో కాల్‌లో గంటల తరబడి బెదిరించి ఖాతా ఊడ్చేసిన కేసులు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. రేపు ఆ కాల్‌లో మనవడి గొంతే వినిపించవచ్చు. దీనికి జాగ్రత్తగా ఉండండి అని పెద్దవాళ్లకు చెప్పి ఊరుకుంటే సరిపోదు. పెద్ద మొత్తం కొత్త ఖాతాకు వెళ్తుంటే కొన్ని గంటలు ఆపే ఏర్పాటు, ముందే రాసిచ్చిన ఒక నమ్మకస్తుడికి కబురు వెళ్లే ఏర్పాటు బ్యాంకులోనే ఉండాలి. వేగమే గొప్ప అనుకుని కట్టిన వ్యవస్థల్లో కావాలని ఆలస్యం పెట్టడం కూడా టెక్నాలజీయే.

రెండో కారణం వేడి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత పుట్టిన నేల ఇది. ఎండ మనకు కొత్త కాదు, ఆ వేడిలో మనుషులు చనిపోయే సంఖ్య కొత్తది. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు, అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల థర్మామీటర్ అంకె చూసి అందరూ భయపడతారు. అయితే కోస్తాలో ముప్పు ఇంకో రకంగా ఉంటుంది. ఒంటికి పట్టిన చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుందే కానీ ఆరదు. అందుకే శాస్త్రవేత్తలు తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకుంటారు. అది 35 డిగ్రీలకు చేరితే ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా నీడలో కూర్చుని సైతం ఎక్కువసేపు తట్టుకోలేడని చాలాకాలం లెక్కవేశారు. ఆరోగ్యవంతులైన యువకుల మీద చేసిన ప్రయోగాల్లో ఆ హద్దు ఇంకా కిందే, 31 డిగ్రీల దగ్గరే ఉన్నట్టు తేలింది. వయసు మీదపడితే చెమట పట్టే శక్తి తగ్గుతుంది, దాహం తెలియదు, కొన్ని రకాల బీపీ మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. వయసు, వేడి రెండు వేర్వేరు సమస్యలని అనుకుంటాం కానీ 2050లో అవి రెండూ ఒకే గదిలో, ఒకే మంచం దగ్గర కలుస్తాయి.

ఆ గది పైకప్పు సిమెంటు స్లాబు. పగలంతా ఎండ తాగి రాత్రి పది దాటాక ఆ వేడిని లోపలికి వదులుతుంది. పైఅంతస్తులో ఉండేవాళ్లకు రాత్రి పన్నెండుకు కూడా గోడ ముట్టుకుంటే కాలుతున్నట్టు ఉంటుంది. రేకుల ఇళ్ల సంగతి చెప్పక్కర్లేదు. శరీరం కోలుకోవాల్సింది రాత్రే. ఆ రాత్రి చల్లబడకపోతే మర్నాటి ఎండ ప్రాణం మీదికి వస్తుంది.

ఏసీ కొనుక్కోవచ్చు కదా అంటే, 2019లో కేంద్రం ప్రకటించిన కూలింగ్ యాక్షన్ ప్లాన్ లెక్కల్లో ఏసీ ఉన్న ఇళ్లు దేశంలో 8 శాతమే. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం 2050కి భారత్‌లో ఏసీలు 100 కోట్లు దాటుతాయి. ఇళ్లలోవి ఎక్కువగా సాయంత్రం ఏడు నుంచి తెల్లవారుజాము దాకా కలిసి నడుస్తాయి. సూర్యుడు అస్తమించాక సోలార్ ప్యానెల్ ఇచ్చేది శూన్యం. కర్నూలు సోలార్ పార్కు వెయ్యి మెగావాట్లదే కావచ్చు, రాత్రి ఉక్కపోతకు దాని నుంచి నేరుగా ఒక్క యూనిట్ రాదు. అందుకే నంద్యాల జిల్లా పిన్నాపురంలో కట్టిన పంప్డ్ స్టోరేజీ లాంటివి ముఖ్యం. పగలు మిగిలిన కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. 1,680 మెగావాట్లు సుమారు 6 గంటలపాటు ఇచ్చేలా దాన్ని రూపొందించారు. 2050లో రాత్రి తొమ్మిదికి తిరిగే ఏసీ, మధ్యాహ్నం కొండ మీదికి ఎక్కించిన నీళ్లతో తిరిగే అవకాశం ఎక్కువ.

ఇదే కరెంటు కోసం కొత్త పోటీదారు కూడా వచ్చాడు. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ కడతామని ప్రకటించింది, సామర్థ్యం ఒక గిగావాట్ (వెయ్యి మెగావాట్లు). అంటే కర్నూలు పార్కు మిట్టమధ్యాహ్నం ఇచ్చేంత కరెంటు రాత్రీ పగలూ కావాలి. పగలు మాత్రమే పనిచేసే అలాంటి పార్కులు నాలుగైదు పెడితే కానీ సరితూగదు. సర్వర్లు వేడెక్కకుండా చల్లబరచాలి కూడా. ఆ ఊళ్లో మనుషులకు కావాల్సిందీ కరెంటు, నీళ్లు, చల్లదనమే. పెట్టుబడి రావడం మంచిదే. వేసవిలో కోత పెట్టాల్సి వస్తే ముందు ఎవరికి ఆపుతారన్నది మాత్రం ఒప్పందాల్లోనే రాసి ఉండాలి.

డ్రైవర్ లేని కార్ల గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. ఐఐటీ హైదరాబాద్ కంది క్యాంపస్‌లో 2022 నుంచి పరీక్షల ట్రాక్ ఉంది. గేటు లోపల బాగానే నడుస్తాయి. గేటు బయట రాంగ్ రూటులో వచ్చే బైకు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, గేదెల మంద ఉంటాయి. ఇక్కడ అంతకంటే ముందు కనిపించే మార్పు రోజు గడిచే వేళల్లో ఉంటుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మనకు అలవాటే. ఉపాధి హామీ పనులు వేసవిలో తెల్లారకముందే మొదలవుతున్నాయి. ఇదే తీరు భవన నిర్మాణానికి, డెలివరీలకు, మార్కెట్లకు పాకుతుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఊరు మూతపడి, రాత్రి పదకొండు దాకా తెరిచి ఉండే వేసవి 2050కి మామూలు కావచ్చు. డెలివరీ యాప్‌లు నిమిషాల్లో తెస్తామన్న మాటను ఏప్రిల్, మే నెలల్లో పక్కన పెట్టాల్సిందే. ఆ కొద్ది నిమిషాల ఎండ ఒక మనిషి ఒంటి మీద పడుతుంది.

తక్కువ ఖర్చుతో ప్రాణాలు కాపాడేవి చాలావరకు ఇప్పుడే దొరుకుతున్నాయి. పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు తాగుతుంది, తక్కువ కరెంటు తాగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగే ఇంట్లో ఒక్క ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. కరెంటు పోయినప్పుడు అదే ఇన్వర్టర్ మీద రెట్టింపు సేపు తిరుగుతుంది. స్లాబు మీద తెల్లటి పూత వేస్తే గది రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులు చల్లబరచాలని లక్ష్యం. మంచి ఆలోచన. అయితే నివాస భవనాల్లో 600 గజాలు, ఆపై స్థలాలకే తప్పనిసరి చేశారు. చిన్న ఇళ్లవాళ్లు ఇష్టముంటే చేసుకోవచ్చు. ఏసీ కొనలేనివాళ్లు ఉండేది ఆ చిన్న ఇళ్లలోనే.

ఇవాళ పోసే స్లాబు 2050లోనూ అక్కడే ఉంటుంది. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల కింద 5 లక్షల రూపాయలు నాలుగు దశల్లో ఇస్తున్నారు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదని, వంటగది, మరుగుదొడ్డి ఉండాలని నిబంధన ఉంది. ఆంధ్రలో సెంటు, సెంటున్నర స్థలాల్లో కాలనీలకు కాలనీలే లేచాయి. ఈ ఇళ్లలో బాత్రూం తలుపు మామూలుగా రెండున్నర అడుగులు. ఫ్రేము, తలుపు మందం పోగా చక్రాల కుర్చీ దూరడం కష్టం. చాలాచోట్ల ఆ గది ఇంటి బయట, రెండు మెట్లు దిగి ఉంటుంది. నేల నున్నటి టైల్స్. ఇప్పుడు నలభై ఏళ్ల వయసులో ఆ ఇల్లు కట్టుకుంటున్న ఆమెకు 2050లో అరవై దాటుతాయి. మూడడుగుల తలుపు, గోడకు ఒక పట్టుకునే కడ్డీ, జారని నేల, ఎదురెదురు కిటికీలు, స్లాబుకు తెల్ల పూత. కట్టేటప్పుడే చేస్తే వీటన్నిటికీ అయ్యే ఖర్చు ఇంటి ఖర్చులో చిన్న వాటా. తర్వాత గోడ పగలగొట్టి చేయాలంటే అప్పు తేవాలి. దశలవారీ బిల్లు మంజూరు చేసే ముందు ఇంజినీర్ ఎలాగూ వచ్చి ఫొటో తీసుకుని వెళ్తున్నాడు. గోడల దశలో తలుపు వెడల్పు, పైకప్పు దశలో తెల్ల పూత, ఆఖరి బిల్లుకు ముందు బాత్రూం కడ్డీ. ఆ తనిఖీ పత్రంలో ఈ మూడు గడులు చేర్చడానికి కొత్త యంత్రమేదీ అక్కర్లేదు, ఒక్క జీవో చాలు.